తోక లేని తోకచుక్క

టోర్షావ్న్‌లో మూడు వారాలుగా ఆకాశం లేదు.
మబ్బు, వాన, మళ్ళీ మబ్బు.
చేపల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు దిగి
వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరుస్తుంది రన్‌వా.
వేళ్ళకింకా నీచు వాసన.

ఒక్క నొక్కు.
ఎక్కడో చిలీ కొండ మీద
ఆమె ఎన్నడూ తాకని రేకు కప్పు
కిర్రుమంటూ పక్కకి జరుగుతుంది.
ఆ కిర్రు ఆమెకి వినపడదు.
కాపలా ఎలెయుతేరియోకి వినపడుతుంది.
"చేపలావిడ వచ్చింది" అంటాడు కుక్కతో.

నూట ఇరవై సెకన్లు. మళ్ళీ నూట ఇరవై.
టెలిస్కోపు చుక్కల్ని వదిలేసి
తోకచుక్క నడకే నడుస్తుంది.
అందుకే ఫొటోలో
కదలనివాటిగా పేరుపడ్డ నక్షత్రాలన్నీ
గీతలు గీతలుగా సాగిపోయి,
పరుగెత్తేది మాత్రం నిలకడగా,
అద్దం మీద ఊదిన ఊపిరంత మసగ్గా.
పేరుకే తోకచుక్క,
తోకింకా మొలవలేదు.

పదిహేడో ఫొటో చీకటి కొట్టింది.
ఏమైందని మెసేజ్ పెట్టింది.
చాలాసేపటికి జవాబు:
"గుడ్లగూబ. గొట్టం అంచున కూర్చుంది.
దాని తోక అడ్డం. తోలెయ్యనా?"

రన్‌వా కిటికీ వైపు చూసింది.
వాన.

"వద్దు" అని కొట్టింది,
"కాసేపు చూడనీ."