హిల్లా చోటు

నర్సు సైమా నా చేతికి పట్టీ చుట్టి
గాలి కొట్టి, గాలి వదిలి
నూట నలభై ఎనిమిది అంది.
తర్వాత ఉప్పు సంగతి ఎత్తింది.
చేపలో ఉప్పు, రొట్టెలో ఉప్పు,
నా మాటల్లోనూ కాస్త ఎక్కువేనట.
లేచి కోటు తొడుక్కుంటూ
"అడవి పళ్ళు తినండి, వియెనో.
రక్తనాళాలకి మంచిది, కళ్ళకి మంచిది.
మతిమరుపుకి కూడా పనిచేస్తాయంటున్నారు,
ఇంకా తేల్చలేదనుకోండి" అంది.

డెబ్బై తొమ్మిదేళ్ళుగా తింటున్నదాన్ని
కొత్తగా మందుచీటీలో రాసినట్టు చెబితే
నవ్వొచ్చింది.
నాలుక చాపి చూపించాను.
ఊదా రంగు.

ముస్తిక్కా పొదలు నా గడప దగ్గరే మొదలవుతాయి.
మా అమ్మ వాడిన చెక్క దువ్వెనపారకి
పళ్ళు రెండు ఊడాయి, నాకు నాలుగు.
ఉన్న పళ్ళతోనే ఇద్దరం
పళ్ళు ఏరుకుంటాం.

హిల్లా సంగతి వేరు.
అది చిత్తడి నడుమ, నాచులో,
కాడకి ఒక్కటే కాస్తుంది.
పచ్చిగా ఉన్నప్పుడు ఎర్రగా, గట్టిగా, పొగరుగా ఉంటుంది.
పండేకొద్దీ ఎరుపు దిగిపోయి
తేనెరంగుకి తిరిగి, ముట్టుకుంటే చాలు
చేతిలోకి వచ్చేస్తుంది.
నాకు నచ్చేది అదే.

మా వైపు మనిషి తన జీతం చెబుతాడు,
కడుపు కోసిన ఆపరేషన్ చొక్కా ఎత్తి మరీ చూపిస్తాడు,
హిల్లా ఏరే చోటు మాత్రం చెప్పడు.
ఎదురింటి ఎల్వీ అరవై ఏళ్ళు చెప్పలేదు.
జూలై చివర్లో ఒక దారిన వెళ్ళేది,
రెండు బకెట్లు నింపుకుని
ఇంకో దారిన వచ్చేది.
ఒకసారి మా ఏలిస్ వెనకాలే నక్కుతూ వెళ్ళాడు.
మూడు గంటలు తిప్పి తిప్పి
పాల డిపో వెనక తేల్చింది.
ఆ తర్వాత ఏడాది పాటు
మా ఇంట కాఫీ తాగలేదు.

ఈ ఏడు ఎల్వీ కాఫీ కప్పులు ఫ్రిజ్‌లో పెడుతోంది.
కొడుకు వచ్చి పొయ్యికి తాళం బిగించి వెళ్ళాడు.
నన్ను తైమీ అని పిలుస్తోంది.
తైమీ ఆమె చెల్లెలు,
పోయి నలభై ఏళ్ళయింది.

ఒక తెల్లవారు నా తలుపు కొట్టింది.
చేతిలో రెండు బకెట్లు,
కుడి బూటు ఎడమ కాలికి.
"తైమీ, పద."

బూట్లు మార్చి తొడిగి వెంట నడిచాను.
కాలవ, కరెంటు తీగలు, కూలిన స్ప్రూస్ చెట్టు.
కొడుకు పేరు దొరక్క తడుముకునే మనిషి
ఒక గడ్డిదిబ్బ మీంచి ఇంకో గడ్డిదిబ్బ మీదికి
తన వంటింట్లో తిరిగినట్టు దాటిపోతోంది.
నా కర్ర మోకాటి లోతు దిగబడింది.
"అక్కడ కాదు, ఇక్కడ అడుగెయ్" అంది,
వెనక్కి తిరక్కుండానే.

ఆపైన ఒక మలుపు.
అక్కడంతా
పసుపు.

నోట మాట రాలేదు.
ఏరినవాటికంటే తిన్నవే ఎక్కువ.
గింజలు పళ్ళ సందుల్లో ఇరుక్కున్నాయి,
దోమలు మా ఇద్దరినీ భాగాలు పంచుకున్నాయి.
వంగి లేచి, వంగి లేచి
నా నడుము ఏదో పాత భాష మాట్లాడింది.
ఎల్వీ గడ్డం మీంచి రసం కారుతోంది.
నా చెవి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అంది:
"వియెనోకి చెప్పకే.
మంచిదే, కానీ దాని మొగుడికి
మహా ఆరా."

చెప్పనులే అన్నాను.

సైమా మళ్ళీ వచ్చింది. పట్టీ, గాలి.
నూట నలభై ఆరు.
రెండంటే రెండే, దాన్ని నేను లెక్కలో వెయ్యను.
బల్ల మీది గిన్నె చూసి కళ్ళు పెద్దవి చేసింది.
ఒకటి నోట్లో వేసుకుని, ఇంకోటి వేసుకుని,
ఉప్పు మాట మర్చిపోయి అడిగింది
ఎక్కడివి ఇవి, అని.

గిన్నె ఆమె వైపు జరిపాను.
తిను తల్లీ.
వియెనోకే చెప్పలేదు,
నీకెలా చెప్పేది?