రెండు పెడితే నాలుగు

రాత్రి పదకొండూ నలభైకి కరెంటు పోయింది.
తిరుపతిలో, యూనివర్సిటీ వెనక వరసలో
మా ల్యాబుకు గాలి కొట్టే మోటారు
గురక మధ్యలో ఆగిన మనిషిలా ఆగింది.

బల్ల మీద పన్నెండు ఫ్లాస్కులు.
కొత్తిమీర రుబ్బిన రోలు కడిగితే వచ్చే నీళ్ల రంగు.
నాచు. చుక్కలో లక్ష ప్రాణాలు,
ఒక్కోదానికి ఒకటే గది, అందులోనే వంట, అందులోనే కొట్టు.

అటెండరు మునిరత్నం టార్చి పట్టుకొచ్చాడు.
ఈ పనికి ముందు పెనుమూరు పక్కన
పదకొండేళ్లు బెల్లం పెనం కింద మంట ఎగదోసినోడు.
"ఎండ లేదు గదా పాపా, ఇప్పుడేం తింటాది ఇది?"

పగలు దాచుకున్నది, అన్నాను.
గంజిగా గట్టిపడిన ఎండ.
దాన్ని చక్కెర చేసి, విరుచుకు తింటుంది.
"మంటెయ్యకుండానా?"
మంటేస్తే అదే మాడిపోదా!
పది మెట్లు. మెట్టుకొక చెయ్యి.

మొదట చేతి నుంచి రెండు పెట్టాలి.
ఆరు కణుపుల చెరుకు మూడూ మూడుగా విరుగుతుంది.
ఆ తర్వాత నాలుగొస్తాయి.
సగం పని పచ్చటి గదిలో, తక్కింది వాకిట్లో.

మునిరత్నం వేళ్లు మడిచాడు.
"మిగిలేది రెండు.
మా మండీలో ఆ రెండూ మిగల్లేదు."

గాలి ఉంటే ఆ ముక్కలే
చివరిదాకా కాలి, పదింతలు ఇచ్చేవి.
ఇప్పుడు గాలి లేదు. మోటారు లేదు.
నా పరిశోధనకు ఇది నాలుగో ఏడు, ఫెలోషిప్పూ లేదు.
నాచు సగంలోనే ఆపుకుంటుంది,
పుల్లబెట్టుకుంటుంది. కాస్త పులుపు, కాస్త సారా,
లెక్కకందని ఓ బుడగ.
ఆ రెండింటితోనే తెల్లారుస్తుంది.

అతను ఒక బిరడా వదులు చేసి ముక్కు పెట్టాడు.
"వానకు మంటారిపోతే
పెనంలో రసం నిలిచిపోయేది పాపా.
పొద్దునకి ఇదే వాసన."
నా ముక్కుకు ఏమీ తగల్లేదు.
మిషను పట్టుకోవాల్సినంత చిన్న వాసన అది.
"ఆ రసం ఏం చేసేవాళ్లు?"
"పారబోస్తామా!"
టార్చి ఆర్పేసి, చీకట్లో నవ్వాడు.

నాలుగూ పదికి మోటారు దగ్గింది.
అలిపిరి వైపు మొదటి బస్సు పోతోంది.
నోటుబుక్కులో రాశాను:
గాలి లేదు, నాలుగున్నర గంటలు. బతికే ఉంది.

మునిరత్నం జేబులోంచి బెల్లం ముక్క తీసి
కిటికీ గట్టు మీద కొట్టి
పెద్ద పెళ్ల నాకిచ్చాడు.

నాలుక మీద కరిగింది.
ఇక లోపల
అవే పది మెట్లు.
ముందుగా రెండు, నేనే పెట్టాలి.