చిన్న చప్పుళ్ళు

గలీసియా తీరంలో మా ఊరి పండగలకు
ముప్పై ఒక్కేళ్ళు తారాజువ్వలు వదిలిన చెయ్యి ఇది.
చూపుడు వేలు సగమే ఉంది.
మిగతా సగం ఏ సాయంత్రం ఎగిరిపోయిందో
ఊళ్ళో ఏ పిల్లాణ్ణడిగినా చెబుతాడు.

బ్రెతెమ నా ఇంటికొచ్చింది మార్చిలో.
బ్రెతెమ అంటే మా భాషలో పొగమంచు.
ఎవడో వేటగాడు పనికిరాదని వదిలేసిన బక్క కుక్క.
తుపాకీ పేలితే కుందేలు వైపు కాకుండా
ఇంటి వైపు పరిగెత్తేదట.
నన్ను చూసి భయపడలేదు,
నా చేతిని చూసి భయపడింది.
ఎంత తోమినా పోని మందు వాసన
గోళ్ళ కింద కాపురముంటోంది మరి.

గాలికి తలుపు కొట్టుకుంటే చాలు,
తోక కాళ్ళ మధ్యకు, చెవులు మెడ మీదికి,
బీరువా వెనక సందులో
ఒళ్ళంతా గుండెకాయై ముడుచుకునేది.
"ఏం కాదు! ఏం కాదు!" అని అరిచేవాణ్ణి.
అరిస్తే ధైర్యం వస్తుందనుకునే వంశం మాది.

పక్కింటి ఎరుందిన వలలు బాగుచేస్తుంది.
వచ్చి, ముందు నన్ను కూర్చోబెట్టింది.
నేల మీద, పక్కకు తిరిగి,
దాని కళ్ళలోకి చూడకుండా,
ఊపిరి నిదానంగా వదలమంది.
కుక్కకు వైద్యం చెయ్యమని పిలిస్తే
నాతో మొదలుపెట్టింది!

పాత ఉన్ని శాలువా దాని ఛాతీ చుట్టూ చుట్టింది,
వల ముడిలా కాదు, పసిబిడ్డ పొత్తిళ్ళలా,
రెండు వేళ్ళు దూరేంత వదులుగా.
ఎండిన లావెండర్ పూలు గుడ్డలో మూటగట్టి
గదిలో ఓ మూల పెట్టింది.
"నూనెలు వద్దు. దాని ముక్కు మన ముక్కు కాదు.
నచ్చకపోతే లేచిపోవడానికి తలుపు తీసి ఉంచు."
సీమ చామంతి కాచి, చల్లార్చి, రెండు చెంచాలు పోసింది.
బ్రెతెమ ముట్టలేదు.
మిగిలిన గిన్నెడు నేనే తాగి
చాలా ఏళ్ళ తర్వాత మధ్యాహ్నం నిద్రపోయాను.

పశువుల డాక్టరు ఉషీయ నవ్వలేదు.
"ఇవన్నీ తోడు మాత్రమే" అంది.
"భయం ముదిరితే మాత్ర ఇస్తా, అప్పుడు సిగ్గుపడకు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.
జూన్‌లో సాన్ షోవాన్ రాత్రి
ఊరంతా మంటల మీంచి దూకుతుంటే
ఎరుందిన బేసిన్‌లో సోపాకు, రోజ్‌మేరీ,
పేరు తెలియని నిమ్మవాసన ఆకేదో
నానబెట్టి మంచులో పెట్టింది.
తెల్లారి ఆ నీళ్ళతో మొహం కడగడం ఆచారం.
నేను చేతులు కడిగాను. మూడుసార్లు.
బ్రెతెమ వచ్చి సగం వేలిని వాసన చూసి,
తుమ్మి, వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చప్పుళ్ళు.
పక్క గదిలో అగ్గిపుల్ల గీసి, ఒక చీజ్ ముక్క.
మడిచిన దుప్పటి మీద మూకుడు జారవిడిచి, ఒక చీజ్ ముక్క.
చెవులు వెనక్కి పోతే ఆ రోజుకు ఆపెయ్యడం.
శబ్దాన్ని ఆకాశమంత చేసినవాణ్ణి
ఆవగింజంత చెయ్యడం నేర్చుకుంటూ
వేసవంతా గడిపాను.

ఆగస్టు పండగకు
వత్తి మా మేనల్లుడు బ్రాయిస్ చేతికిచ్చాను.
కమిటీవాళ్ళు నవ్వారు. నవ్వనీ.
పొద్దున్నే ఆటు తీసిన ఇసుకలో
ఇద్దరం అలిసేదాకా నడిచొచ్చి,
బంగాళాదుంపల గదిలో
కిటికీకి బొంత కట్టి, రేడియో సన్నగా పెట్టి కూర్చున్నాం.

మొదటి జువ్వ.
నా జీవితమంతా దాన్ని కింద నిలబడి
తలెత్తి చూశాను తప్ప
గోడ వెనక ఉండి ఎన్నడూ వినలేదు.
వెలుగు లేదు, రంగు లేదు,
కడుపులో ఎవరో తన్నినట్టు, అంతే.
ఉలిక్కిపడింది నేను.
బ్రెతెమ వణుకుతూనే
నా మోకాలికి బరువంతా ఆనించింది.

ఒక్కో పేలుడుకూ ఒక్కో ముక్క.
ఇరవైకే డబ్బా ఖాళీ.
ఇంకా పందొమ్మిది ఉన్నాయని నాకు తెలుసు,
లెక్క కట్టింది నేనే.
ఉత్త అరచెయ్యి చాపాను.
వాసన చూసింది.
ఈసారి తుమ్మలేదు.