తరుగు

ఎనుమాముల యార్డుల ముప్పై ఏండ్ల దడువాయిని.
కాంటా మీద అంకె నిలబడెదాక నోరిప్పను.
బస్తాకు కిలో అన్నప్పుడు
రైతు ముఖం ఎట్లైతదో
తలెత్తకుండనే చెప్త.

శివరాత్రి దాటితె యార్డంత ఎరుపు.
పదకొండు కొట్టంగనే ఘాటు గొంతుల దిగుతది.
హమాలీ సారంగం తుమ్ముతడు,
ఆయన వెనుక వరుస పెట్టి అందరం.
అప్పుడు యాకూబ్ ఐసు డబ్బాల నుంచి
చెమట పట్టిన సీసలు బయటికొస్తయి.
మూత తీస్తె సుయ్యిమంటది.
పొద్దటి సంది పోగైన మంట
ఒక్క గుటకకు సల్లారినట్టే ఉంటది.

ఒక్కటి గాదు, పొద్దుగూకెదాక నాలుగు.
అదిగూడ గటగట తాగే అలవాటు లేదు నాకు.
లెక్క రాసుకుంట
చిట్టీకో చుక్క, బస్తాకో చుక్క,
పొద్దంత పన్ను ఆరకుండ.
అడ్తిదారు ఖాతా, నా జేబు కదలదు.
ఉత్తగ వచ్చేదానికి తరుగుండదనుకున్న.

నేను శుద్ధిగల్ల మనిషిని.
తీపి పంటికి చెడుపు అని ఎవరో అంటె
అంగి జేబుల బ్రష్షు పెట్టుకున్న.
సీస ఒడిసిన ప్రతిసారి
నల్లా కాడికి పోయి
గిన్నె తోమినట్టు తోమిన.
నవ్విన్రు అందరు. నవ్వనీ అనుకున్న.

పోయిన చలికాలం
కుండల నీళ్లు నోట్ల పోసుకుంటె
జివ్వుమని నెత్తికెక్కింది.
అద్దంల చూస్తె ముందటి పండ్ల అంచులు
గాజు పెంకుల్లెక్క,
అవతలి చీకటి కనబడుతున్నది.

హన్మకొండ చౌరస్తాల మెట్లెక్కిన.
నుస్రత్ మేడం కోపానికి రాలే.
ఏం తాగుతరు, ఎన్ని, ఎట్ల తాగుతరు,
మా గుమాస్తా అడిగినట్టే అడిగి రాసుకున్నది.
“పుచ్చు గాదు కాకా, కరిగింది.
చక్కెర లేని సీసైనా పులుపు పులుపే.
పులుపు తగిలినంక పంటి పైపొర
కొంచెంసేపు మెత్తబడ్తది,
అప్పుడే పూసిన సున్నం గోడ లెక్క.
మన ఉమ్మే నిమ్మళంగ దాన్ని గట్టి చేసుకుంటది.
మీరు దానికి టైమియ్యలే.
తడిగోడను బ్రష్షు పెట్టి గీకిన్రు.”

నల్లా కాడ నేను వంగి తోముడు
నాకే కండ్లల్ల మెదిలింది.

మల్ల వస్తదా మేడం?
గోరు వస్తది, వెంట్రుక వస్తది,
ఏరిన మిరపచెట్టు మల్ల పూతకొస్తది.
“రాదు” అన్నది.
ఆ మాటకు బేరం లేదు.

తేమ కింద తరుగు, తాలు కింద తరుగు,
మట్టి కింద, గోనె కింద,
ఎన్ని పేర్లు నేర్చిన ఈ యార్డుల!
రైతైతే కాంటా ముందట నిలబడి
ఒక్కసారన్న కొట్లాడ్తడు.
నా నోట్ల ఎవలు కొట్లాడిన్రు?
నా కాంటా యాభై గ్రాములకు తక్కువ చూపదు.
రోజుకు ఎంత పోయిందో
ఏ చిట్టీ మీద లేదు.

ఇయ్యాల గూడూరు దిక్కు తండా నుంచి
సక్రు ఇరవై బస్తాల తేజ తెచ్చిండు.
వెంట తొమ్మిదేండ్ల పిలగాడు.
బస్తాల మీద కూసొని
నారింజ రంగు నీళ్లు బుగ్గల నింపి
ఇటు పుక్కిలి, అటు పుక్కిలి,
నురుగు గిలిగింతకు నవ్వుతున్నడు.
పాలపండ్లు ఊడి కొత్తవి వచ్చినయి,
అంచుకు రంపంపండ్లింక అరగలే.
పుక్కిలించకు బిడ్డా, మింగి నీళ్లు తాగు అన్న.
“నీ చేతిల గూడ ఉన్నది గద తాతా!”
చూసుకుంటె నిజమే.
యాకూబ్ ఎప్పుడిచ్చిండో, ఎప్పుడు మూత తీసిన్నో.

సీస నేల మీద పెట్టిన.
సగం ఉన్నది. పారబోయలే, అబద్ధమెందుకు.

సక్రు దగ్గరికొచ్చిండు.
కాంటా మీద అంకె నిలబడ్డది.
“ఎంత తీస్తరన్నా తరుగు?”

నోరు తెరిచిన.
యార్డు గాలి తగిలి
ముందటి పన్ను జివ్వుమన్నది.
కిలో, అన్న.