మూడో మెట్టు

సూర్యారావుపేట ఆస్పత్రి రెండో అంతస్తులో
ఆ అమ్మాయి కాగితాలు నా ముందు పెట్టింది.
అరవై ప్రశ్నలు. అవును, కాదు, చెప్పలేను.
పెన్నుకి తాడు కట్టి ఉంది, ఎవరూ ఎత్తుకుపోకుండా.

మీరు తరచూ ఆందోళన పడతారా?
తరచూ అంటే ఎంతని అడిగాను.
మీకేదనిపిస్తే అదే రాయండి అంది.

నాకు అనిపించడం మానేసి చాలా కాలమైందమ్మా.
వినిపిస్తుంది.
సింగ్‌నగర్‌లో మా వాటా మేడమీద.
మూడో మెట్టు పెచ్చూడిపోయింది.
తాగని రోజు నాంచారయ్య దాన్ని దాటి అడుగేస్తాడు.
క్వార్టరైతే చెప్పు ఈడుస్తుంది.
అంతకు మించితే అక్కడే ఆగి
గోడతో ఏదో మాట్లాడతాడు.
ఆ ఆగినంతసేపట్లో
స్టవ్ కట్టేస్తాను, కత్తిపీట మంచం కిందికి తోస్తాను,
డబ్బులు బియ్యం డబ్బాలోంచి పసుపు డబ్బాలోకి మారుస్తాను,
ముఖం మారుస్తాను.

అవసరం లేకపోయినా అబద్ధాలు చెబుతారా?
లేత్ షెడ్డు ఓనరుకి జ్వరమని చెప్పాను.
చిట్టీల కామేశ్వరికి ఊరెళ్ళాడని.
బుడమేరు ఇళ్ళల్లోకొచ్చిన ఏడు మాత్రం
ఆ పని పడలేదు. కొట్లన్నీ మునిగాయి.
మూడు రోజులు వణికాడు, పట్టుకు కూర్చున్నాను.
నాలుగో రోజు పిల్లకి కథ చెప్పాడు.
వరద తీస్తుంటే వీధంతా దణ్ణాలు పెట్టింది,
నాకు బెంగేసింది.
దానికి కాగితంలో గడి లేదు.

మా అత్త తిరుపతమ్మకి
చూపు పోయినా ఇదొక్కటీ పోలేదు.
నాకంటే ముందే, "వచ్చాడే, అన్నం కలపకు" అనేది.
మామ పోయి అప్పటికే ఇరవయ్యేళ్ళు.
అన్నాళ్ళూ ఎవరి అడుగులు వినేదో
నేనెప్పుడూ అడగలేదు.

మొదటి నుంచీ మీ స్వభావం ఇంతేనా?
పెళ్ళికి ముందు నేను
గుడివాడ బస్సులో నిలబడి నిద్రపోయేదాన్ని.
మా అమ్మ ముఖాన నీళ్ళు కొట్టి లేపేది.
రాయడానికి అర గీత చోటిచ్చారు.
నిద్ర ఎక్కువ, అని రాశాను.

ఇవాళ్టికి తొంభై నాలుగు రోజులు, అతను ముట్టుకోలేదు.
ఆ మెట్టుకి సిమెంటు పూయిస్తానన్నాడు నిన్న.
వద్దన్నాను.

సాయంత్రం లిఖిత లెక్కలు చేసుకుంటోంది.
కింద గేటు చప్పుడైంది.
పెన్సిలు ఆగింది.
ఒకటి. రెండు.
పిల్ల తలెత్తలేదు. నేను దాని మెడ చూస్తున్నాను,
బిగిసిన ఆ సన్నటి నరం.
దాటాడు.
పెన్సిలు మళ్ళీ కదిలింది,
పదకొండేళ్ళు డెబ్భై ఏడు.

రేపే సిమెంటు తెప్పించు, అన్నాను గుమ్మంలో.
వద్దన్నావుగా, అన్నాడతను
చెప్పులు విప్పుకుంటూ.