మొదటి పిలుపు మాదే

పోయినేడు ఎనిమిది జట్లలో ఎనిమిదో జట్టు మాది.
అందుకే ఈ ఏడు మొదటి పిలుపు మాది.
ఓడినోడికి ఇంత మర్యాద
చిత్తూరులో ఇంకెక్కడా చూడలేదు నేను.

రేపు పొద్దున మెసానికల్ గ్రౌండ్‌లో
షామియానా కింద నలభైమంది పిల్లోళ్ళు
వీపున నంబరు కాగితం పిన్నీసుతో గుచ్చుకుని కూచుంటారు.
ముందు ఒక్కణ్ణి పిలవాలి.
ఎవర్ని అన్నది తర్వాత,
ఏ చోటికి అన్నది ఈ రాత్రే తేలాలి.

దొరస్వామి బెల్లం మండీలో
అచ్చుల బస్తాల మధ్య, ఈగలు నిద్రపోయాక,
తక్కెడ పక్కన చేరాం ఐదుగురం.

"గోలు కొట్టేవాడు లేకుండా యాడ గెలుస్తామబ్బా?"
చెంగల్రాయుడు మోకాళ్ళ మీద లేచాడు.
"పలమనేరు పిల్లోడుండాడే, నవాజు,
వాడు తంతే వల చిరగాల్సిందే.
జనం గోలు చూసేదానికి వస్తారు గానీ
గోడ చూసేదానికి వస్తారా?"

మస్తాన్ నవ్వలేదు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలేసే మనిషి,
మూత సరిగ్గా పడకపోతే ఏమవుతుందో తెలిసినోడు.
"కీపర్ని తీసుకుందాం.
కారే కుండలో ఎన్ని నీళ్ళు పోస్తే ఏం?"

దొరస్వామికి నడుమ ఆడేవాడు కావాలి.
"తక్కెడకి ముల్లెట్లనో ఆటకి నడిమోడు అట్ల."
ఎదురుగా తక్కెడ ఉంది కాబట్టి ఆ మాట వచ్చింది,
కుక్క ఉంటే ఇంకోటి వచ్చేది.

నా దగ్గర నోటుపుస్తకం ఉంది.
పద్నాలుగు మ్యాచులు. మేం తిన్న గోల్స్ ముప్పైఒకటి.
ఎన్నో నిమిషంలో, ఏ పక్కనుంచి,
అంతా ఎర్ర పెన్నుతో నేనే రాశాను.
ముప్పైఒకటిలో పంతొమ్మిది
ఎడమ అంచునుంచి.
ఆ పంతొమ్మిదిలో పదమూడు
ఆఖరి పావుగంటలో,
మోకాలికి పట్టీ కట్టుకున్న మనిషి
ముందుకు పోయి వెనక్కి రాలేని పావుగంటలో.

ఎడమ అంచున ఆడేది నేను.
తొమ్మిదేళ్ళుగా.

పుస్తకం మధ్యలోనే పెట్టాను, బల్బు కింద, తెరిచే.
ఒక్కడూ అటు చూడడు.
నవాజు పొట్టితనం గురించి గొడవపడతారు,
కీపరు అరచేతుల గురించి, వాళ్ళ నాయన తాగుడు గురించి,
కాణిపాకం పోయి చీటీలేద్దామా అని కూడా ఒకడంటాడు.
ఢిల్లీబాబు టీ గ్లాసు మొదట నాకే ఇచ్చాడు,
ఎప్పుడూ లేనిది.
అప్పుడు తెలిసింది,
నా లెక్క వీళ్ళకి ఎప్పుడో తెలుసని.

కోపం వచ్చింది. ముందు వాళ్ళ మీద,
తర్వాత మోకాలి మీద,
ఆఖరికి ఆ ఎర్ర పెన్ను మీద.
కాసేపు నవాజుకే చెయ్యెత్తుదామా అనుకున్నాను.
ముప్పైఒకటి తిని ముప్పైరెండు కొడితే చాలదా,
నేనింకో ఏడు ఆడొచ్చు.
ఇదీ ఒక లెక్కే.
మరీ తప్పుడు లెక్కేం కాదు.

బయట వేలూరు బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.
"పూతలపట్టు పిల్లోడొకడుండాడు," అన్నాను.
"ఎడంకాలోడు. మునిశేఖర్. నంబరు ఇరవైఏడు.
చెరుకు తోటలో గట్టు మీద పరిగెత్తి పెరిగినోడు,
అడుగు వెడల్పు చాలు వాడికి."

చెంగల్రాయుడు నోట్లో బెల్లం ముక్క నమలడం మర్చిపోయాడు.
"మొదటి పిలుపు ఎడం బ్యాకుకా? ఊరు నవ్వుతాది."
"పోయినేడు నవ్వలేదా?"
ఎవరూ మాట్లాడలేదు.
మస్తాన్ చెయ్యి చాపి పుస్తకం మూశాడు, మెల్లిగా,
డబ్బాకి మూతేసినట్టు.

పొద్దున మైకులో నేనే పిలిచాను.
వెనక ఎవరో నవ్వారు, నిజమే.
పిల్లోడు పిన్నీసు గుచ్చుకున్న వీపు తడుముకుంటూ
చెప్పులు వదిలేసి వేదిక ఎక్కాడు.
"అన్నా, మీరు యాడ ఆడతారు?"

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది,
ఆపలేదు.