పారేదాని పేరు

మర్రిగూడ హైస్కూల్ల పదో తరగతి.
మూలకాల పట్టిక మీద
తొమ్మిదో గడికాడ చాక్‌పీసు ఆపిన.

"దీని పేరుకు అర్థమేంది సార్?"
మూడో బెంచీల ఏర్పుల పావని.

లాటిన్ మాట బిడ్డా, పారుడు అని.
ఎక్కడ్నో దూరదేశంల గనిపనోళ్లు
కొలిమిల ఓ మెరుగురాయి ఏసేటోళ్లట.
ఎంత మొండి ఖనిజమైనా
బెల్లంపాకం లెక్క కరిగి కాల్వ కట్టేదట.
ఆ రాయి పేరే దీనికొచ్చింది.
ఫ్లోరిన్ అంటే, పారిచ్చేది.

క్లాసుల ఎవ్వరు నోరిప్పలే.
ఇక్కడ పిల్లలు నవ్వినా పెదాలు మూసే నవ్వుతరు,
గారపండ్లు కనపడొద్దని.
నేను గూడ అట్లనే నవ్వుతుంటి, ఈ బెంచీల మీదనే.

కిటికీ అవతల ముత్తిలింగం పోతున్నడు.
ముందు కట్టె,
ఎనుక రెండు మడతల నడుం.
ముప్పై ఏండ్లాయె ఆయన మొగులు చూడక.
ఎదురొచ్చినోళ్లను
చెప్పుల్ని బట్టి పలకరిస్తడు.

"పారిచ్చేదైతే సార్,
మా తాత మెడ ఎందుకు తిరగది?"

జవాబు నాకు తెల్సు.
దానికి సున్నమంటే పానం,
బొక్కల్ల సున్నముంటది,
బోరునీళ్లల్ల వచ్చి ఆడ్నే ఇల్లు కట్టుకుంటది.
చెప్పిన. రాసుకున్నరు.
నాలుగు మార్కుల జవాబు.

ఇంకోటి గూడ చెప్పిన:
పటిక, సున్నం, బ్లీచింగు కలిపి
నీళ్లల్లకెళ్లి దీన్ని తీసే తరీక ఒకటున్నది,
దాని పేరు నల్లగొండ పద్ధతి,
పరాయి దేశాల పుస్తకాలల్ల గూడ
మన జిల్లా పేరు తోనే ఉంటది.
ఎనుక బెంచీలకెళ్లి ఎవడో అన్నడు,
"పేరు ఆడిదాక పోయింది గని సార్,
నీళ్లే మొన్నమొన్న వచ్చినయ్."

బెల్లు కొట్టిన్రు.

గేటుకాడ ముత్తిలింగం నిలవడ్డడు.
"సారువా? కొత్త చెప్పులు.
ఎడమది కరుస్తున్నట్టున్నది, కాలు ఈడుస్తున్నవ్."
అవునన్న.
"ఇయ్యాల ఏం పాఠం?"
ఒక పేరు గురించి పెద్దాయన.
"ఎవల పేరు?"

నీకు తెల్సినోళ్లదే,
అన్న, నేలకేసి చూసుకుంట.

"నాకు పేర్లు యాదుండయ్ సారు," అని నవ్విండు,
పండ్లన్నీ కనవడేటట్టు.
"చెప్పులెట్లుంటయో చెప్పు,
ఎవలో నేను చెప్త."